పెద్దాయన తర్వాతే ఫారమ్

"నేటి నుంచి ఏ పౌరుడూ ఫిర్యాదు చేయడానికి తన గడప దాటనక్కర్లేదు. గడపే ప్రభుత్వం దగ్గరికి నడిచి వస్తుంది!" అని ప్రజా ఫిర్యాదుల శాఖ మంత్రిగారు ప్రకటించగానే హాలు చప్పట్లతో దద్దరిల్లింది. గడప ఎలా నడుస్తుందని ఏ విలేకరీ అడగలేదు. అలాంటివి అడిగే అలవాటున్న విలేకరులను ఆ రోజు పిలవలేదు.

ఆ ఉపన్యాసం రాసింది మంత్రిగారి పీఆర్వో. అతను రాసిచ్చింది 'ప్రభుత్వమే గడప దగ్గరికి నడిచి వస్తుంది' అని. చదవడంలో తారుమారైంది. తారుమారైనదే బాగుందని మర్నాడు పత్రికలన్నీ దాన్నే పెద్దక్షరాల్లో వేశాయి. పీఆర్వో కూడా దాన్ని కత్తిరించి దాచుకున్నాడు. తన మాటను మంత్రిగారు మెరుగుపరచడం అతనికి కొత్తేమీ కాదు.

ఆ సభలోనే ఊళ్ళో ఉన్న ఫిర్యాదుల పెట్టెలన్నీ తెప్పించి, వాటి సేవలను కొనియాడి, లారీకెక్కించి పంపేశారు. లోపలి కాగితాలు తీయాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఇక మీదట అన్ని ఫిర్యాదులూ వెబ్‌సైట్లోనే. మామూలు వెబ్‌సైట్ కాదు. బొమ్మలు కదులుతాయి, పాట వస్తుంది, పావురాలు ఎగురుతాయి.

పంపేసిన పెట్టెల్లో ఒకదాని నిండా పీఆర్వో వాళ్ళక్క రాసిన కాగితాలే ఉన్నాయి. ఆవిడ ఇల్లు సర్కారు గోడౌన్ వెనక ఉంది. ఆ గోడౌన్ గోడ ఎప్పటి నుంచో కడుపుతో ఉన్న మనిషిలా ముందుకు ఉబ్బి, ఆవిడ వంటింటి మీదికి వాలి ఉంది. ఆవిడ భర్త దానికో దుంగ ఆనించి, పొద్దున్నే పనికి పోతూ రోజూ దాన్ని తట్టి చూసుకుని వెళ్తాడు.

"పెట్టె ఎత్తుకుపోయారట్రా! నా గోడ సంగతేం కాను?" అని ఫోన్ చేసిందావిడ.

"ఇంకా నయమైందక్కా! ఇక నువ్వు వీధి చివరి దాకా నడవక్కర్లేదు. వంటింట్లో కూర్చుని ఫోన్‌లో నొక్కితే చాలు, మంత్రిగారి బల్ల మీద పడుతుంది."

"వంటింట్లో కూర్చోలేకనేగా నా బాధ!" అందావిడ.

అక్క మాటకు తల ఊపాడు గానీ, అతని మనసు అప్పుడు వెబ్‌సైట్ మీటింగులో ఉంది. వెబ్‌సైట్ చేయడానికి వచ్చిన డిజైనర్ అమ్మాయి మొదటి మీటింగులోనే ఉన్నమాట చెప్పేసింది.

"సార్, కదిలే బొమ్మలు ఎక్కువైతే సైటు బరువెక్కుతుంది. బరువెక్కితే మామూలు జనం ఫోన్లలోకి దిగదు. అందుకని అవసరమైన చిన్నవి ముందు దింపుతాం. అలంకారాలు వెనకాల మెల్లగా వస్తాయి. ఫొటోలను కాస్త కంప్రెస్ చేస్తాం."

"కంప్రెస్ అంటే?" అన్నారు మంత్రిగారు.

"నొక్కి చిన్నవి చేయడం సార్."

మంత్రిగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "నన్ను నొక్కి చిన్నవాణ్ణి చేస్తావా? ప్రతిపక్షం వాళ్ళు ఇన్నేళ్ళ నుంచీ అదే పని మీద ఉన్నారు. వాళ్ళ వల్లే కాలేదమ్మా!"

అందరూ నవ్వారు. అమ్మాయి కూడా నవ్వింది. ఆ నవ్వుతో కంప్రెషన్ సంగతి తేలిపోయింది.

శాఖ కార్యదర్శిగారు మాత్రం నవ్వలేదు. ఆయన లోతైన మనిషి. "ముందు దిగేది ఏదన్నావు?" అని అడిగారు.

"ఫిర్యాదు ఫారమ్ సార్. అది ఉత్త అక్షరాలు, నాలుగు గడులు. దూదిపింజలాగా దిగిపోతుంది."

"పెద్దాయన కంటే ముందా?"

ప్రభుత్వాన్ని నడిపేవారిని ఆ దేశంలో అందరూ పెద్దాయన అనే అంటారు. ఆయన కంటే ముందు ఏదైనా, ఎక్కడికైనా దిగడమనేది అంతవరకూ ఎవరి ఊహకూ అందని విషయం. మంత్రిగారి ముఖం పాలిపోయింది. "ఎంత గండం తప్పించారయ్యా!" అని కార్యదర్శి చెయ్యి పట్టుకున్నారు.

కార్యదర్శిగారు ప్రొటోకాల్ పుస్తకం తెప్పించారు. సభలోకి ఎవరు ముందు రావాలి, ఎవరి తర్వాత ఎవరు అన్నది అందులో ఉంది. అదే వరసలో వెబ్‌సైట్ కూడా దిగాలని తీర్మానించారు. మొదట పెద్దాయన చిరునవ్వు, తర్వాత మంత్రిగారి నమస్కారం, తర్వాత జెండా, పాట, పావురాలు, నినాదం. ఒకరు పూర్తిగా వచ్చి స్థిరపడ్డాకే రెండోవారు కదలాలి. ఫారమ్‌కు ఆ పుస్తకంలో స్థానమే లేదు. అయినా కార్యదర్శిగారు పెద్ద మనసు చేసుకుని అందరి వెనకా దానికింత చోటిచ్చారు.

పాట మంత్రిగారి బావమరిది పాడాడు. "పాటలో సగం తీసేస్తే చాలా బరువు దిగుతుందండీ," అని డిజైనర్ బతిమాలింది.

"ఏ సగం తీస్తావు? మొదటి సగం మా అక్కకి ప్రాణం, రెండో సగం మా బావకి. ఇద్దరి మధ్యా నిప్పు పెడతావా?" అన్నాడతను.

దానితో డిజైనర్ నోరు మూతబడింది. అలాగని ఆవిడేమీ తక్కువ తినలేదు. "ఒక్క పావురాన్ని గీసి దాన్నే పదిచోట్ల పెడితే తేలికవుతుందేమో కదా," అని పీఆర్వో అమాయకంగా అనేసరికి ఒంటికాలి మీద లేచింది. "ఒక్కో పావురానికీ రెక్కల ఊపు వేరుగా గీశాను సార్. చేతులు కాయలు కాచిపోయాయి. వాటి జోలికి మాత్రం రాకండి."

పీఆర్వో ఆ మాట అక్కడితో వదిలేశాడు. అతనికీ ఒక పావురం ఉంది. 'మీ మాట మా బాట' అన్న నినాదం అతను రాసిందే. ఒక్కో అక్షరం నిప్పురవ్వలు చిమ్ముతూ ఆకాశం నుంచి దిగుతుంది. దాన్ని తీసేస్తే ఎంత తేలికవుతుందో డిజైనర్ చెప్పబోయింది గానీ, అతను కాఫీ తాగుతావా అని మాట మార్చాడు. బరువు తగ్గించాలన్న విషయంలో ఆ గదిలో భేదాభిప్రాయం లేదు. ఎవరిది తగ్గించాలన్న దగ్గరే కాస్త ఆలస్యమైంది.

ప్రారంభోత్సవం దివ్యంగా జరిగింది. మంత్రిగారి గదిలోని కంప్యూటర్లో సైటు సరంజామా అంతా ముందే దాచిపెట్టి ఉంది కాబట్టి బయటి నుంచి దిగాల్సింది ఏమీ లేదు. మంత్రిగారు వేలు ఆనించీ ఆనించకముందే పెద్దాయన చిరునవ్వు విచ్చుకుంది, పావురాలు లేచాయి, బావమరిది గొంతెత్తాడు. "అబ్బ, ఏం వేగం!" అని మంత్రిగారు పొంగిపోయారు. పీఆర్వోకు తన నినాదం దిగుతుంటే ఒళ్ళు పులకరించింది.

సరిగ్గా అప్పుడే అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, మీ పెద్దాయన జుట్టు వచ్చిందిరా."

"వస్తుందక్కా, మిగతాది కూడా వస్తుంది. కాస్త ఓపిక పట్టు."

అన్నం వండి వార్చాక మళ్ళీ చేసింది. "నుదురు దిగింది."

"చూశావా మరి!"

"చూస్తూనే ఉన్నా. ఆయన కళ్ళు తెరిచేలోపు గోడ నా వంటింట్లో కాళ్ళు చాపుకుంటుందేమో, అదీ చూస్తా."

ఊరంతా అదే తంతు. బొమ్మ పైనుంచి కిందికి పొరలు పొరలుగా దిగుతుంది కాబట్టి జనం ఎక్కడ కలిసినా దాని గురించే మాట్లాడుకున్నారు. "మీ వీధిలో ఎందాకా వచ్చారు?" "చెవుల దాకా." "అదృష్టవంతులు! మాకింకా కనుబొమల దగ్గరే కొట్టుకుంటున్నాం." ఒకాయనకు మీసం దాకా వచ్చి ఫోన్ చార్జింగు అయిపోయిందట. ఆయన్ను చూసి వీధి వీధంతా జాలిపడింది. మంత్రిగారి నమస్కారాన్ని కళ్ళారా చూసిన పౌరుడు ఒక్కడూ దొరకలేదు. ఇక ఫారమ్ మాటెందుకు!

నెలాఖరు సమీక్షలో కార్యదర్శిగారు లేచి నిలబడి, గొంతు సవరించుకుని, "వచ్చిన ఫిర్యాదులు సున్నా" అని చదివారు.

మంత్రిగారికి కళ్ళు చెమ్మగిల్లాయి. "మనం పదవిలోకి వచ్చేనాటికి జనం ఎంత ఏడ్చేవాళ్ళయ్యా! ఇవాళ ఒక్కరికి ఒక్క కష్టం లేదు."

"అంతే కాదు సార్. ఒక్కో పౌరుడు గంటల తరబడి మన సైట్లోనే ఉంటున్నాడు. ఏ శాఖ సైటుకూ ఈ గౌరవం దక్కలేదు."

ఆ మాట పెద్దాయన చెవిన పడింది. ఫిర్యాదులే లేని పాలన అందించినందుకు మంత్రిగారికి స్వయంగా బిరుదు ఇస్తానని కబురు పెట్టారు. మంత్రిగారి గదిలో గోడంత తెర పెట్టించి, దాని మీద ఫిర్యాదుల లెక్క చూపే బంగారు రంగు సున్నా గుండ్రంగా తిరిగే ఏర్పాటు చేశారు. బిరుదు ఇచ్చే సభలో పెద్దాయన వెనక కూడా అదే సున్నా తిరగాలి.

ఆ వార్త రాసింది పీఆర్వోనే. రాస్తున్నంతసేపూ అక్క వంటిల్లే గుర్తొచ్చింది. ముందురోజు అక్క ఇంటికి వెళ్ళినప్పుడు వంటింట్లో గోడౌన్ వైపున్న కిటికీ తెరుచుకోలేదు. వాలిన గోడ కిటికీ రెక్కకు ఆని ఉంది. అక్క ఆ వైపు చూడకుండా కూరలు తరుగుతోంది. అతనికి భయం వేసింది. నిజంగా భయం వేసింది.

కార్యదర్శి దగ్గరికి వెళ్ళి నీళ్ళు నమిలాడు. "సార్, ఫారమ్‌ను కాస్త ముందుకు జరిపితే... జనానికి సైటు తెరుచుకోవట్లేదని..."

"ఎవరన్నారు?"

"జనమే సార్."

"అయితే ఫిర్యాదు చేయమనండి. పరిశీలిద్దాం."

"ఎక్కడ చేయాలి సార్?"

"సైట్లో," అన్నారు కార్యదర్శిగారు, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు.

పీఆర్వో తిన్నగా డిజైనర్ దగ్గరికి పోయి కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఆవిడ అటూ ఇటూ చూసి, పెద్దాయన్నీ పావురాలనూ దాటుకుని ఫారమ్ ఒక్కటే తెరుచుకునే దొడ్డిదారి లింకొకటి రాసిచ్చింది. "మీ అక్కగారికి మాత్రమే సార్. ఇంకెవరి చెవినా పడకూడదు." అతను లింకు పంపాడు. అక్క ఫోన్‌లో ఫారమ్ చిటికెలో తెరుచుకుంది. 'గోడౌన్ గోడ నా వంటింటి మీద పడబోతోంది' అని రాసి నొక్కింది.

మంత్రిగారి గదిలో బంగారు సున్నా గిర్రున తిరుగుతూ తిరుగుతూ ఒకటిగా మారింది.

ఆ రోజే సభ. మంత్రిగారు అప్పుడే కొత్త బట్టలు వేసుకుని అద్దం ముందు నిలబడ్డారు. "ఇదేమిటి? ఎవరు చేసిందీ ద్రోహం?"

"ఎవరో ఆడమనిషి సార్. గోడ వాలిందట," అన్నారు కార్యదర్శిగారు.

"బాగుచేయించెయ్యండి!"

"గోడ గోడౌన్ల శాఖది సార్. మనది ఫిర్యాదుల శాఖ. మనం ఫిర్యాదును బాగుచేయగలం గానీ గోడను ముట్టుకోకూడదు."

పీఆర్వో ఒకడుగు ముందుకు వేశాడు. "సార్... ఆవిడ మా అక్క."

తిట్లు పడతాయనుకున్నాడు. మంత్రిగారి ముఖం వికసించింది. "ఇంట్లో మనిషేనా! అయితే పని సులువే కదయ్యా!"

మార్గం కార్యదర్శిగారే కనిపెట్టారు. వాలిన గోడ నిటారుగా లేచి నిలబడినట్టు ఒక యానిమేషన్ చేయించి ఫిర్యాదుదారుకు పంపాలి. చూసి, కింద ఉన్న 'సరే' నొక్కితే సమస్య తీరినట్టే లెక్క. అయితే ఫిర్యాదు చేసిన ఫోన్ నుంచే నొక్కాలి. డిజైనర్ అప్పటికప్పుడు గోడను లేపింది. గోడ మీద పావురాలు కూడా వాలాయి. చూసినవాళ్ళంతా ముచ్చటపడ్డారు. ఆ గోడకు నిజం గోడలో లేని కళ ఉంది.

"కానీ ఇది ఆవిడ ఫోన్‌లోకి దిగదు సార్," అంది డిజైనర్, దొడ్డిదారి సంగతి బయటపెట్టకుండా. "ముందు పెద్దాయన దిగాలి కదా."

మంత్రిగారు గడియారం చూసుకున్నారు.

"పావురాలు తీసెయ్," అన్నారు మంత్రిగారు. డిజైనర్ పెదవి కొరుక్కుని తీసేసింది.

"పాట?"

"తీసెయ్. మా ఆవిడకు నేను చెప్పుకుంటా."

"మీ నమస్కారం సార్?"

"తీసెయ్యమ్మా, ఇది నమస్కారాలు పెట్టుకునే సమయమా!"

"నా నినాదం కూడా తీసెయ్," అన్నాడు పీఆర్వో. ఎవరూ అడగకముందే అన్నాడు. అన్నాక మనసు చివుక్కుమంది.

"మరి పెద్దాయన?"

అందరూ కార్యదర్శి వైపు చూశారు. ఆయన ప్రొటోకాల్ పుస్తకం తిరగేశారు. "ఆయన ప్రయాణంలో ఉన్నంతసేపూ పటం లేకపోయినా దోషం లేదని ఉంది. ఇప్పుడాయన మన సభకే బయల్దేరారు. చేరేలోపు ముగించాలి."

అలా ఇన్నాళ్ళూ అసాధ్యమైన పని కాఫీ చల్లారేలోపు అయిపోయింది. సైటు ఈకలా తేలికైంది. మంత్రిగారు పీఆర్వో భుజం తట్టారు. "వెళ్ళు, దగ్గరుండి నొక్కించు. సభలో నాకు సున్నా కనబడాలి. కనబడలేదో, రేపటి నుంచి నువ్వు గడప దాటనక్కర్లేదు."

అక్క వంటింట్లోనే ఉంది. బావ పనికి పోయాడు. కిటికీ రెక్క విరిగి కింద పడి ఉంది, దాని చోట ఇటుకలు కనబడుతున్నాయి.

"గోడ చూడ్డానికొచ్చావా?" అంది ఆశగా.

"చూపించడానికొచ్చానక్కా," అని ఆమె ఫోన్ తీసి లింకు తెరిచాడు. కళ్ళు మూసి తెరిచేలోగా తెరుచుకుంది. బొమ్మలో గోడ మెల్లగా లేచి నిటారుగా నిలబడింది. అక్క దాన్ని చూసింది, కిటికీలోని ఇటుకల్ని చూసింది, తమ్ముణ్ణి చూసింది.

"ఎంత చక్కగా నిలబెట్టార్రా!"

"కింద 'సరే' అని ఉంది. నొక్కక్కా."

"నొక్కితే ఈ గోడ?"

"దాని సంగతి నేను చూస్తా. ముందు నొక్కు. లేకపోతే నా ఉద్యోగం..." సిగ్గుతో తల వంచుకున్నాడు.

అక్క తువ్వాలు అందుకుంది. చిన్నప్పుడు వీడు బడికి పోనని మారాం చేస్తే చంకనెత్తుకుని దింపి వచ్చిన మనిషి. తడిచెయ్యి తుడుచుకుంటోంది.

అంతలో కార్యదర్శి ఫోన్. "ఏం చేశావయ్యా! సైటు తెరుచుకుంటోందని ఊరంతా పాకిపోయింది. ఫిర్యాదులు వరదలా వచ్చి పడుతున్నాయి. సభలో తెర మీద అంకెలు పరిగెడుతున్నాయి. ఆ అంకె ఏమిటని పెద్దాయన అడిగారు!"

"అయ్యో! మంత్రిగారు ఏమన్నారు సార్?"

"ప్రజల ఆశీస్సులన్నారు. పెద్దాయన చప్పట్లు కొట్టారు. వచ్చినవన్నీ ఆశీస్సుల కిందే వేయించేశాం. మీ అక్కది ఒక్కటే ముందు వచ్చింది కాబట్టి ఫిర్యాదుగా మిగిలిపోయింది. అది సున్నా చేయించు. సైట్లో అన్నీ తిరిగి పెట్టించేస్తున్నాం."

"ఒక్క క్షణం ఆగండి సార్, ఇంకా నొక్కలేదు..."

ఫోన్ పెట్టేశారు. అక్క అప్పటికే 'సరే' మీద వేలు ఆనించింది. తెర తెల్లబడింది. పైనుంచి పెద్దాయన జుట్టు దిగడం మొదలైంది.

"ఇదేమిట్రా, మళ్ళీ మొదటికొచ్చింది?"

"నీ 'సరే' ఆయన వెనకాల వస్తుందక్కా. వేలు తియ్యకు."

ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు కూర్చుని చూస్తున్నారు. బయట దుంగ కిర్రుమంది. కిటికీలోంచి సున్నం పొడి రాలింది. అతను ఉలిక్కిపడి లేచాడు. "అక్కా, లే!"

"ఉండరా, కనుబొమలు వచ్చాయి."

"లే అంటుంటే!"

"నీ ఉద్యోగం పోతుందిరా..."

అతను ఆవిణ్ణి రెండు చేతులా వాటేసుకుని ఈడ్చుకుంటూ వీధిలోకి వచ్చి పడ్డాడు. వెనక పెద్ద చప్పుడైంది. దుమ్ము లేచి, వీధి అంతా కాసేపు కనబడలేదు. కనబడ్డప్పుడు వంటిల్లు లేదు. గిన్నెలూ పొయ్యీ ఆ ఫోనూ ఇటుకల కింద ఉన్నాయి. అతనికి ఏడుపు ఆగలేదు. వీధి అరుగు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అక్కే అతని తల దులిపింది.

దుమ్ము పూర్తిగా అణగకముందే కార్యదర్శి ఫోన్ వచ్చింది. ఏడుస్తూనే జరిగింది చెప్పాడు.

"ఎవరికీ దెబ్బలు తగల్లేదుగా? అంతే చాలు," అన్నారు కార్యదర్శిగారు. తర్వాత కాసేపు ఆలోచించి, "అయితే ఇప్పుడు అక్కడ వాలిన గోడ లేదన్నమాట," అన్నారు.

"లేదు సార్."

"మీ అక్కగారి ఫిర్యాదు, గోడ వాలిందని. వాలిన గోడ ఇప్పుడు లేదు. ఫిర్యాదు తీరిపోయింది. సున్నా పెట్టించేస్తున్నా. మంత్రిగారు నిన్ను మెచ్చుకున్నారు. రేపటి పత్రికలకు నాలుగు వాక్యాలు రాసి పంపు."

పీఆర్వో ఫోన్‌లోనే రాశాడు. మధ్యమధ్య కళ్ళు తుడుచుకుంటూ రాశాడు.

"ఏం రాస్తున్నావురా?" అంది అక్క. ఇటుకల్లోంచి తీసిన సొట్టపోయిన గిన్నెను ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చుంది. "చదువు."

అతను చదివాడు. "గోడౌన్ గోడ వల్ల ఒక కుటుంబానికి ఎంతో కాలంగా ఉన్న ప్రమాదం నిన్నటితో శాశ్వతంగా తొలగిపోయింది. ఫిర్యాదు అందిన రోజే పరిష్కారం కావడం విశేషం. ఆ సమయంలో శాఖ ప్రతినిధి స్వయంగా అక్కడే ఉన్నారు. ఫిర్యాదుదారుకు ఇక ఆ గోడ గురించి చెప్పుకోవాల్సింది ఏమీ లేదు."

అక్క గిన్నె సొట్టను బొటనవేలితో నొక్కుతూ విన్నది.

"పంపించెయ్యి," అంది. "అందులో అబద్ధం ఒక్కటీ లేదురా."